ఓటేశాక ఎవరు ఎవరికి లెక్క చెప్పాలి? ఎన్నికల రూల్స్, కొత్తరకం ప్రచారం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

టీచరుగా పనిచేసినన్నాళ్ళూ నాకు ఎన్నికల డ్యూటీ తప్పలేదు. సామగ్రి తీసుకుని బస్సెక్కడం, బూత్‌లో రాత్రి పడుకోవడం, పొద్దున్నే మాక్ పోల్, సాయంత్రం సీళ్ళు. ఆ అనుభవం ఉందని పాత విద్యార్థులు, వీధిలోవాళ్ళు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. అలా మళ్ళీ మళ్ళీ ఎదురైన ప్రశ్నలే ఇవి. ఉదాహరణలు మన రెండు రాష్ట్రాలవే తీసుకున్నాను. దాదాపు అన్ని పార్టీల ప్రస్తావనా వస్తుంది, ఏ పార్టీ మీదా నాకు ప్రత్యేకంగా కోపం లేదు.

జవాబుదారీతనం అంటే సింపుల్‌గా ఏమిటి?

అధికారం ఇచ్చినవాణ్ణి "ఏం చేశావు?" అని అడగగలగడం, చెప్పింది నచ్చకపోతే దించగలగడం. దించడం మనకు బాగానే వచ్చు. ఆంధ్రప్రదేశ్ ఓటర్లు 2019లో ఒక ప్రభుత్వాన్ని, 2024లో ఇంకో ప్రభుత్వాన్ని ఇంటికి పంపారు. తెలంగాణ 2023లో అదే పని చేసింది. అడగడం దగ్గరే చిక్కంతా. ఒక ఎన్నికకూ ఇంకో ఎన్నికకూ మధ్య ఐదేళ్ళుంటాయి. ఆ ఐదేళ్ళలో ఎమ్మెల్యే పార్టీ అధినేతకు జవాబు చెబుతాడు, పార్టీ విరాళం ఇచ్చినవాళ్ళకు చెబుతుంది, ఓటరేమో బూత్ ఇన్‌చార్జికి చెప్పుకోవాల్సి వస్తోంది. వరస తిరగబడింది. ఎక్కడెక్కడ తిరగబడిందో కింది ప్రశ్నల్లో చూద్దాం.

ఓట్ల శాతానికీ సీట్లకూ పొంతన ఉండదేం?

నియోజకవర్గంలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, సీటు అతనిదే. మిగతా ఓట్లన్నీ లెక్కలో ఉండి కూడా లేనట్టే. 2019లో టీడీపీకి 39 శాతం పైచిలుకు ఓట్లొస్తే 175లో దక్కినవి 23 సీట్లు. 2024లో వైసీపీకీ 39 శాతం పైచిలుకే వచ్చాయి, దక్కినవి 11. అదే వైసీపీకి 2019లో దాదాపు 50 శాతం ఓట్లతో 151 సీట్లొచ్చాయి. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కూ బీఆర్‌ఎస్‌కూ మధ్య తేడా రెండు శాతం చిల్లర. సీట్లు మాత్రం 64, 39.

గెలిచినవాళ్ళకు మెజారిటీ కలిసొస్తుంది సరే, సభలో అడిగేవాళ్ళ సంగతేమిటి? ప్రతిపక్ష నేత హోదాకు పదో వంతు సీట్లుండాలన్నది ఆనవాయితీ. 175లో అంటే 18. 2024లో వైసీపీకి పదకొండే రావడంతో హోదా ఇవ్వలేదు. ఇవ్వలేదని ఆ పార్టీ సభను బహిష్కరించింది. తప్పు ఎవరిదన్నది మీ పార్టీని బట్టి మారుతుంది. ప్రతి పది మందిలో నలుగురు ఓటేసిన పార్టీ సభలో లేకపోతే మంత్రిని నిలదీసేది ఎవరు?

అయితే ఓట్ల శాతాన్ని బట్టే సీట్లు ఇవ్వొచ్చు కదా?

చాలా దేశాలు అలాగే ఇస్తాయి. ఇక్కడ కూడా కొన్ని సీట్లు ఆ పద్ధతిలో అదనంగా చేర్చమని లా కమిషన్ 1999లోనే 170వ నివేదికలో సూచించింది. ఎవరూ పట్టించుకోలేదు. నాకున్న అనుమానం ఒకటే. ఆ పద్ధతిలో జాబితా తయారుచేసేది అధినేత. బీ ఫారం కోసం తిరిగినట్టే జాబితాలో పైన చోటు కోసం తిరుగుతారు. మనకు ఇప్పుడున్న రోగానికి అది మందు కాకపోవచ్చు.

నేను ఓటేసిన ఎమ్మెల్యే గెలిచాక పార్టీ మారాడు. నా ఓటు ఏమైనట్టు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువ కోపంతో అడిగేదీ ఇదే.

1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చింది. పార్టీ సభ్యత్వాన్ని తనంతట తాను వదులుకున్నా, విప్‌ను, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసినా సభ్యత్వం పోతుంది. మొదట్లో మూడో వంతు మంది చీలితే పోయేది కాదు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. మూడింట రెండు వంతుల మంది కలిసి వేరే పార్టీలో విలీనమైతే మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్‌కు మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమైంది ఈ లెక్కతోనే. పద్దెనిమిదికి మూడింట రెండు వంతులంటే సరిగ్గా పన్నెండు.

ఆ సంఖ్య లేకపోతే ఇంకో దారి ఉంది, ఏమీ చేయకుండా ఊరుకోవడం. అనర్హత తేల్చేది స్పీకర్. స్పీకర్ అధికార పార్టీ మనిషి. పిటిషన్ బల్లమీదే ఉంటుంది. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీ కండువా కప్పుకున్నారు, వాళ్ళలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. ఆ సభ గడువు ముగిసేదాకా అనర్హత మాట తేలలేదు. 2023 తర్వాత తెలంగాణలో పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్ళారన్న కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఇలాంటిదే అయిన మణిపూర్ కేసులో 2020లోనే మూడు నెలల మాట చెప్పింది. అయినా మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే రూల్‌కు పళ్ళు లేవని అర్థం.

ఇంకో కోణం కూడా ఉంది. మీ ఎమ్మెల్యే పార్టీ మారకుండా, మీ ఊరికి నష్టం చేసే బిల్లుకు మాత్రం వ్యతిరేకంగా ఓటేయాలనుకున్నాడనుకోండి. విప్ ఉంటే కుదరదు, పదవి పోతుంది. అంటే గోడ దూకేవాణ్ణి చట్టం ఆపలేకపోతోంది, మనస్సాక్షి ఉన్నవాణ్ణి మాత్రం గట్టిగా కట్టేసింది. ప్రభుత్వం పడిపోయే ఓటింగులకే విప్‌ను పరిమితం చేయాలని నా అభిప్రాయం. కొత్త అభిప్రాయమేమీ కాదు, చాలామంది ఎప్పటినుంచో అంటున్నదే.

రాజీనామా చేసి మళ్ళీ పోటీ చేయడం మర్యాద కదా?

మర్యాదే. ఈటల రాజేందర్ 2021లో టీఆర్‌ఎస్ వదిలి, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, హుజూరాబాద్‌లో బీజేపీ తరఫున నిలబడి గెలిచారు. కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2022లో కాంగ్రెస్ వదిలి, అలాగే రాజీనామా చేసి, మునుగోడులో బీజేపీ తరఫున నిలబడి ఓడిపోయారు. పార్టీ మారడం సరేనా కాదా అని జనాన్ని అడిగారు. ఒకచోట జనం సరే అన్నారు, ఒకచోట వద్దన్నారు. పుస్తకం ప్రకారం జవాబుదారీతనం అంటే ఇదే.

పుస్తకంలో లేనిది ఏమిటంటే, డబ్బు పారడానికి పేరుపడిన ఉప ఎన్నికలు కూడా ఇవే. హుజూరాబాద్‌లో డబ్బు కవర్లు పంచారని, మాకు అందలేదని కొన్ని ఊళ్ళలో జనం రోడ్డెక్కారు. టీవీల్లో అందరూ చూశారు. దళితబంధు మొదలైంది కూడా ఆ ఏడాది ఆగస్టులో హుజూరాబాద్‌లోనే, కుటుంబానికి పది లక్షలు. అది చూసి "మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండు, రోడ్డన్నా పడుతుంది" అని వేరే నియోజకవర్గాలవాళ్ళు అనడం నేను చెవులారా విన్నాను. నవ్వుతూనే అన్నారు గానీ, లెక్క మాత్రం కరెక్టుగానే వేశారు.

పని చేయని ఎమ్మెల్యేని మధ్యలో వెనక్కి పిలవొచ్చా?

లేదు. కొన్ని రాష్ట్రాల్లో సర్పంచుల స్థాయిలో ఉంది. ఎమ్మెల్యే, ఎంపీలకు దేశంలో ఎక్కడా లేదు.

ఎమ్మెల్యే అభ్యర్థి రూ.40 లక్షలే ఖర్చు పెట్టాలంటారు. నిజంగా అంతేనా?

కాగితం మీద అంతే. 2022 జనవరిలో పెంచిన పరిమితి ప్రకారం మన రాష్ట్రాల్లో అసెంబ్లీకి రూ.40 లక్షలు, లోక్‌సభకు రూ.95 లక్షలు. మునుగోడులో ఓటర్లు దాదాపు 2 లక్షల 41 వేలు. 40 లక్షల్ని పంచితే తలకు 17 రూపాయలు కూడా పడదు. ఆ డబ్బుకు ఇప్పుడు ఒక టీ, ఒక సమోసా.

ఈ పరిమితి అభ్యర్థికే, పార్టీకి కాదు. పార్టీ రాష్ట్రమంతా ఎన్ని వందల కోట్లయినా ఖర్చు పెట్టుకోవచ్చు. గుర్తింపు పొందిన పార్టీ నలభై మంది దాకా స్టార్ క్యాంపెయినర్లను ప్రకటించుకోవచ్చు, వాళ్ళ హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. అధినేత సభలో అభ్యర్థి పేరు చెప్పి, పక్కన నిలబెట్టుకుంటే మాత్రం అతని వాటా అతని లెక్కలోకి వస్తుంది. 1974లో సుప్రీంకోర్టు ఒక కేసులో పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలో కలపాలని తీర్పిచ్చింది. ఆ తీర్పును పనికిరాకుండా చేస్తూ చట్టాన్ని మార్చేశారు. అప్పుడు తెరిచిన తలుపు ఇప్పటికీ పూర్తిగా మూయలేదు.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి అనర్హత. ఇస్తారు. కుర్చీలు, షామియానా, ఆటో మైకు, టీ, టిఫిన్, అన్నీ రేటు కార్డు ప్రకారం పైసలతో సహా ఉంటాయి. కవరు ఖర్చు మాత్రం ఏ కాలంలోనూ కనపడదు.

ఓటుకు డబ్బు తీసుకోవడం కూడా నేరమా? ఇచ్చినవాడిదే కాదా తప్పు?

ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. డబ్బు పంపిణీ మరీ శ్రుతి మించితే కమిషన్ ఎన్నికనే ఆపేస్తుంది. 2017లో చెన్నై ఆర్.కె.నగర్‌లో, 2019లో వేలూరు లోక్‌సభ స్థానంలో ఆపింది. మన దగ్గర ఇంకా అలా ఆగలేదు, పంపిణీ లేక మాత్రం కాదు.

"డబ్బు వాళ్ళది తీసుకో, ఓటు నీ ఇష్టం వచ్చినట్టు వెయ్" అనే సలహా చాలామంది ఇస్తారు. నిజం చెప్పాలంటే చాలామంది అలాగే వేస్తారు కూడా. అన్ని పార్టీలూ ఇచ్చినప్పుడు ఓడినవాడి డబ్బూ పంచినట్టే కదా. చెడిపోయేది ఓటు ఒక్కటే కాదు, ఆ తర్వాత మాట కూడా. డ్రైనేజీ గురించి అడగడానికి వెళ్ళిన ఒక పెద్దాయనతో ఒక నాయకుడి అనుచరుడు "ఊరికే వేశావా మామా ఓటు?" అన్నాడు. ఆ మామ తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. డ్రైనేజీ అలాగే ఉంది.

ఎన్నికలప్పుడు నా సొంత డబ్బు కూడా పట్టుకుంటారెందుకు?

రూ.50 వేలకు మించి వెంట ఉంటే ఆధారం చూపించాలి. బ్యాంకు స్లిప్పు, పెళ్ళి శుభలేఖ, ఆసుపత్రి కాగితం, ఏదున్నా దగ్గర పెట్టుకోండి. పట్టుకున్నా జిల్లాలో ఉండే ఫిర్యాదుల కమిటీకి ఆధారాలు చూపిస్తే తిరిగిస్తారు.

ఎలక్టోరల్ బాండ్లు రద్దయ్యాయి కదా, ఇక ఆ గొడవ తీరినట్టేనా?

సగం తీరింది. 2018లో మొదలైన ఈ బాండ్లను స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి ఇచ్చేవారు, ఎవరిచ్చారో ఓటరుకు తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా కొట్టేసింది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. మార్చిలో వివరాలు బయటికొచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి లెక్క చూస్తే బీజేపీకి రూ.6,000 కోట్ల పైన, బీఆర్‌ఎస్‌కు రూ.1,200 కోట్ల పైన, వైసీపీకి రూ.300 కోట్ల పైన, టీడీపీకి రూ.200 కోట్ల పైన వచ్చాయి. దేశంలో రెండో అతిపెద్ద కొనుగోలుదారు హైదరాబాద్‌లో ఉన్న మేఘా ఇంజినీరింగ్, రూ.966 కోట్లు. విరాళం ఇచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో జనానికి ముందే తెలియాలి కదా అన్నదే అసలు మాట. రూ.20 వేలకు లోపు విరాళాలకు దాత పేరు చెప్పనక్కర్లేదన్న పాత రూల్ అలాగే ఉంది.

నేను ఎవరికి ఓటేశానో నాయకులకు తెలిసిపోతుందా?

మీ ఓటు తెలియదు. మీ బూత్ తెలుస్తుంది. ఈ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే చెప్పాలి, ఎందుకంటే నా కళ్ళతో చూసింది ఇదే.

పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసరు ఫారం 17సీ నింపి, మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ఏజెంట్ల చేత సంతకాలు పెట్టిస్తాడు. నేను నింపినవి కూడా చాలానే ఉన్నాయి. కౌంటింగ్ అయ్యాక ఫారం 20 వస్తుంది. అందులో ప్రతి బూత్‌లో ప్రతి అభ్యర్థికీ ఎన్ని ఓట్లొచ్చాయో వరసగా ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. బూత్ అంటే వెయ్యి చిల్లర ఓటర్లు, ఊళ్ళో అయితే రెండు మూడు వీధులు, ఒక్కోసారి ఒకే కులంవాళ్ళుండే వాడ. "మీ వాడలో మాకు 112 పడ్డాయి, వాళ్ళకి 540" అని కాగితం ముందు పెడితే ఇంకేం మిగిలింది? ఆ తర్వాత సీసీ రోడ్డు ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందో, బోరు ఏ వీధిలో పడుతుందో ఆ కాగితమే చెబుతుంది. ఎమ్మెల్యే మనకు చెప్పాల్సిన లెక్క మనమే ఎమ్మెల్యేకు చెప్పినట్టయింది.

పేపరు బ్యాలెట్ రోజుల్లో, బెదిరింపుల భయం ఉన్నచోట బూత్‌ల బ్యాలెట్లన్నీ కలిపి లెక్కించే వీలుండేది. ఈవీఎంలకు కూడా అలాంటి యంత్రం ఉంది, టోటలైజర్ అంటారు. పద్నాలుగు బూత్‌ల ఓట్లు కలిపి ఒకే అంకె చూపిస్తుంది. ఎన్నికల కమిషన్ 2008లోనే అడిగింది. కేంద్రం ఒప్పుకోలేదు, ఇప్పటికీ రాలేదు. బూత్ లెక్క ఉండాలనేవాళ్ళ వాదనా తీసిపారేయలేనిది. 17సీలో అంకెకూ కౌంటింగ్‌లో అంకెకూ తేడా వస్తే పట్టుకునే వీలు దానివల్లే. మొత్తం పడ్డ ఓట్లు బూత్‌వారీగా చెప్పి, అభ్యర్థుల వారీ లెక్క మాత్రం కలిపి చెబితే రెండు భయాలూ చాలావరకు తీరతాయి. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఈ మాట కనపడలేదు.

కన్సల్టెంట్లు, సర్వేలు, ఐవీఆర్ఎస్ కాల్స్ వచ్చాక ఏం మారింది?

"మీ నియోజకవర్గ అభ్యర్థిగా ఫలానా వారు కావాలంటే ఒకటి నొక్కండి" అనే కాల్ మీకూ వచ్చే ఉంటుంది. 2019లో వైసీపీకి ఐప్యాక్, 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కు సునీల్ కనుగోలు, 2024లో టీడీపీకి రాబిన్ శర్మ పనిచేశారు. వీళ్ళ పని జనం నాడి పట్టడం. అధినేతకు ఊళ్ళో అసంతృప్తి తెలియడం మంచిదే. ఒకప్పుడు ఆ సమాచారం మోసింది మండల నాయకుడు, తన అవసరానికి తగ్గట్టు మార్చి చెప్పేవాడు.

నష్టం ఎక్కడంటే, ఎమ్మెల్యే అనే మనిషి పలచబడిపోయాడు. ప్రచారమంతా ఒక ముఖం చుట్టూ తిరుగుతుంది. పాదయాత్రలతోనే ఇది మొదలైంది. 2003లో వైఎస్ చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, 2017-19లో జగన్ 3,648 కిలోమీటర్లు నడిచారు, 2023లో లోకేశ్ కుప్పం నుంచి మొదలుపెట్టారు. ఎండలో నడిచి జనం మధ్యకు వెళ్ళడం నిజంగా పెద్ద విషయమే. అయితే ఓటు ఆ నడిచిన మనిషికి పడుతుంది, మీ ఎమ్మెల్యే ఫ్లెక్సీలో చిన్న ఫొటోగా మిగులుతాడు. 2024కు ముందు సర్వేలు బాగాలేవని వైసీపీ కొందరు మంత్రుల్ని, ఎమ్మెల్యేల్ని వేరే నియోజకవర్గాలకు పంపింది. జనం దానికి "బదిలీలు" అని పేరు పెట్టారు. మా ఊరికి ఏం చేశావని అడగడానికి మేం సిద్ధంగా ఉంటే, మనిషి పక్క నియోజకవర్గంలో కొత్తగా దండం పెడుతున్నాడు! ఆయన చేసినదానికి అక్కడివాళ్ళు ఎలా లెక్క అడుగుతారు?

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోలకు రూల్స్ లేవా?

టీవీ ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలి. సోషల్ మీడియాలో డబ్బు కట్టి వేసే ప్రకటనలకూ అంతే. పోలింగ్‌కు 48 గంటల ముందు మైకులు ఆగిపోతాయి. ఫోన్లు ఆగవు. ఊరి గ్రూపులో మేనమామ పంపిన వీడియోకు ఎవరు అనుమతి ఇచ్చారు? దానికి ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? 2024 ఏప్రిల్‌లో రిజర్వేషన్ల మీద అమిత్ షా మాటల్ని కత్తిరించి అతికించిన వీడియో తిరిగి, పోలీసు కేసుల దాకా వెళ్ళింది. ఆ మే నెలలో కమిషన్ పార్టీలకు చెప్పింది, నకిలీ అని తెలిసిన మూడు గంటల్లో తీసేయాలని. మూడు గంటల్లో ఒక వీడియో ఎన్ని గ్రూపులు తిరుగుతుందో మీకు నేను చెప్పాలా?

మేనిఫెస్టోలో రాసింది చేయకపోతే కోర్టుకు వెళ్ళొచ్చా?

వెళ్ళినా లాభం లేదు. మేనిఫెస్టో హామీలు అవినీతి కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. నవరత్నాలైనా, ఆరు గ్యారంటీలైనా, సూపర్ సిక్స్ అయినా చట్టం దృష్టిలో మాటలే. వాటిని గుర్తుపెట్టుకోవాల్సింది ఓటరు.

గుర్తుపెట్టుకోవడంలో నిజామాబాద్ రైతుల్ని మించినవాళ్ళు లేరు. పసుపు బోర్డు కావాలి, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి అని ఏళ్ళ తరబడి అడిగారు. ఎవరూ వినలేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో వాళ్ళే నామినేషన్లు వేశారు. డిపాజిట్ రూ.25 వేలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. చివరికి బరిలో మిగిలింది 185 మంది, వాళ్ళలో 178 మంది రైతులు. ఒక బ్యాలెట్ యూనిట్ మీద పదహారు పేర్లే పడతాయి. నోటాతో కలిపి 186 కాబట్టి ప్రతి బూత్‌లో పన్నెండు యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. బల్లలు సరిపోవు, వైర్లు సరిపోవు, పోలింగ్ గది సరిపోదు. డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి ఆ పన్నెండు యూనిట్లు తలుచుకుంటేనే నాకు టెన్షన్ వస్తుంది. డిపాజిట్లు పోతాయని తెలిసే కట్టారు. దేశమంతా వాళ్ళవైపు చూసింది.

అప్పటి సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. గెలిచిన ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని, లేదంటే రాజీనామా చేస్తానని బాండ్ పేపరు మీద రాసిచ్చారు. ఆ బాండ్‌కు కోర్టులో విలువ లేదు, ఊళ్ళల్లో మాత్రం ఉంది. తర్వాత ఆయన ఎక్కడికెళ్ళినా రైతులు అదే అడిగారు, ఆయన ఇంటి ముందు నిరసన కూడా చేశారు. 2023 అక్టోబరులో మహబూబ్‌నగర్ సభలో ప్రధాని బోర్డు ప్రకటించారు. 2025 జనవరిలో అది నిజామాబాద్‌లో మొదలైంది. ఆలస్యమైంది, ధర సంగతి ఇంకా నడుస్తూనే ఉంది. ఒక్క కోరిక, ఒక్క వాక్యం, అందరి నోటా అదే. పదిహేను హామీల చిట్టా పట్టుకుని తిరిగేవాణ్ణి అడగడం కష్టం, ఒక్క హామీ ఇచ్చినవాడు తప్పించుకోవడం కష్టం.

ఎన్నికల కోడ్ పేరుతో పథకాల డబ్బు ఆపడం న్యాయమా?

కోడ్‌కు చట్టబలం లేదు, కమిషన్ అధికారమే దాని బలం. 2023 నవంబరులో రైతుబంధు పంపిణీకి ముందు అనుమతి ఇచ్చి, ఆ విషయాన్ని ప్రచారంలో వాడుకున్నారని పోలింగ్‌కు మూడు రోజుల ముందు వెనక్కి తీసుకున్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు పింఛన్లు పంచొద్దన్నారు. ఫలితంగా ముసలివాళ్ళు ఎండలో సచివాలయాల చుట్టూ, ఆ మరుసటి నెల బ్యాంకుల చుట్టూ తిరిగారు. మీ వల్లే అంటే మీ వల్లే అని పార్టీలు తిట్టుకున్నాయి. పోలింగ్ ముందు డబ్బు పడటం ఓటును వంచుతుందన్నది నిజమే. పింఛను ఒకటో తేదీన రావాలన్నదీ నిజమే. ఎన్నికలు ఎప్పుడో నెలల ముందే తెలుస్తుంది కాబట్టి, కమిషన్ ప్రత్యామ్నాయం చూపించి ఆపి ఉండాల్సింది.

నోటాకు ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక రద్దవుతుందా?

అసెంబ్లీ, లోక్‌సభల్లో కాదు. నోటాకు ఎన్ని పడ్డా మిగతావాళ్ళలో ముందున్నవాడే గెలుస్తాడు. 2013 నుంచి ఉంది. కోపం చూపించుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

అభ్యర్థి ఇచ్చే అఫిడవిట్ అబద్ధమైతే?

కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఫారం 26లో రాయాలి. 2002-03లో సుప్రీంకోర్టు తీర్పులతో వచ్చిన హక్కు ఇది, ఆన్‌లైన్‌లో ఎవరిదైనా చూడొచ్చు. తప్పుంటే ఆ నియోజకవర్గంలో ఏ ఓటరైనా 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు. ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. 2018 డిసెంబరులో గెలిచిన కొత్తగూడెం, గద్వాల ఎమ్మెల్యేల ఎన్నిక చెల్లదని తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది 2023 జులై, ఆగస్టు నెలల్లో. అప్పటికి తర్వాతి ఎన్నికలకు మూడు నాలుగు నెలలే ఉంది. పైగా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పదవీకాలం హాయిగా పూర్తయింది.

జమిలి ఎన్నికలు వస్తే మంచిదేనా?

అసెంబ్లీ, లోక్‌సభ ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఒకేసారి జరుగుతున్నాయి. తెలంగాణలో 2018లో సభను ముందే రద్దు చేయడంతో విడిపోయాయి. దేశమంతా కలపడానికి 2024 డిసెంబరులో బిల్లు పెట్టారు. ఖర్చు తగ్గొచ్చు. మధ్యమధ్యలో వచ్చే ఎన్నిక ప్రభుత్వాలకు ఒక చురక లాంటిది, అది కూడా తగ్గుతుంది. నాకు చురక ఉండటమే ఇష్టం.

పంచాయతీల సంగతి చూడండి. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదటికే అయిపోయింది, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారులే. వీధిలైటు వెలగకపోతే అడగడానికి ఇంటి ముందుకు వెళ్ళే మనిషే లేడు.

మేం విదేశంలో ఉంటాం. మా ఓటు, మా మాట?

భారత పౌరసత్వం ఉంటే ఫారం 6ఏతో నమోదు చేసుకోవచ్చు, ఓటు మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని సొంత బూత్‌కు వచ్చే వేయాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు, ఓసీఐ కార్డు ఉన్నా, ఓటు లేదు. ఇక్కడే ఉండి వేయనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం పోలింగ్ జరిగితే, 2024లో హైదరాబాద్ లోక్‌సభకు 50 శాతం కూడా దాటలేదు. ఆ మే నెలలోనే ఓటు కోసం హైదరాబాద్ నుంచి ఆంధ్రాకు వెళ్ళే కార్లతో విజయవాడ హైవే టోల్‌గేట్ల దగ్గర ఆగిపోయింది.

ఎన్నికలైపోయాయి. ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

మీ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఫారం 20 తీసి మీ బూత్ చూడండి, నాయకులు మీ వీధిని ఎలా చూస్తున్నారో అర్థమవుతుంది. మీ ఎమ్మెల్యే పాత అఫిడవిట్, కొత్త అఫిడవిట్ పక్కపక్కన పెట్టుకుని ఆస్తుల పేజీ చదవండి. జిల్లా ఎన్నికల అధికారి దగ్గర అభ్యర్థుల ఖర్చు లెక్కలుంటాయి. ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం ఎవరైనా వాటిని చూడొచ్చు, ఫీజు ఒక రూపాయి. నేను ఒకసారి వెళ్తే అక్కడి గుమస్తా "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అని రసీదు పుస్తకం వెతకడానికి అరగంట తీసుకున్నాడు. చిల్లర తీసుకెళ్ళండి.